సిరిమావో–శాస్త్రి ఒప్పందం, 1964: మనుషులను లెక్కపెట్టారు, కుటుంబాలను కాదు

5,25,000. 3,00,000. 1,50,000.

భారత–శ్రీలంక సంబంధాలు చదివిన ప్రతి అభ్యర్థి నోట్సులో ఈ మూడు అంకెలు ఉంటాయి. 1964 అక్టోబర్ 30న మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, అప్పటి సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందం అది. ఏ దేశ పౌరసత్వమూ లేకుండా ఆ ద్వీపంలో ఉన్న సుమారు 9,75,000 మంది భారత సంతతివారిలో 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి. 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి. మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూసుకోవాలి. ప్రిలిమ్స్‌కు ఇంత తెలిస్తే చాలు.

మెయిన్స్‌కు చాలదు. ఈ అంకెల ముందు మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. తేయాకు తోటలో ఒకే గదిలో కాపురం ఉంటున్న తండ్రి, తల్లి, పెద్దకొడుకు, కోడలు, పెళ్లి కావలసిన కూతురు. వీళ్లలో ఎవరు ఏ అంకెలోకి వెళ్తారు?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఆ కూలీలను సముద్రం దాటించింది కుటుంబాలుగా. వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండు ప్రభుత్వాలూ వాళ్లను తలలుగా లెక్కపెట్టాయి. పౌరసత్వ విధానంలో 'ఎంతమంది' అన్న ప్రశ్న ఒక్కటే వేసి 'ఎవరితో ఎవరు' అన్నది వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి దక్షిణాసియాలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

వలస: కుటుంబంతో సహా

19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు సిలోన్ కొండల్లో మొదట కాఫీ తోటలు వేశారు. 1869 నుంచి ఆకు తెగులు వచ్చి కాఫీ దెబ్బతింది. ఆ స్థానంలోకి తేయాకు వచ్చింది. కాఫీ పంటకు కూలీలు ఏడాదిలో కొన్ని నెలలు ఉంటే సరిపోయేది. తేయాకు అలా కాదు, ఏడాది పొడవునా ఆకు కోయాలి. అంటే కూలీ అక్కడే స్థిరపడాలి. ఆకు కోతకు ఆడవాళ్ల అవసరం ఎక్కువ. అందువల్ల తోటల యజమానులకు ఒంటరి మగవాళ్ల కన్నా కుటుంబాలే కావలసివచ్చాయి.

ఆ పని చేసిపెట్టింది కంగాణి పద్ధతి. కంగాణి అంటే కూలీల ముఠాకు పెద్ద. బర్మాకు తెలుగు కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీల గురించి మీరు చదివే ఉంటారు, ఇతనూ దాదాపు అలాంటివాడే. మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళ జిల్లాల్లో తన ఊరికి వెళ్లి, తన బంధువులను, తన కులంవారిని బయానా ఇచ్చి తీసుకొచ్చేవాడు. వచ్చినవారిలో ఎక్కువమంది దళితులు. ఆ బయానా అప్పుగా మారి ఇంటిల్లిపాదినీ తోటకు కట్టిపడేసేది. వరసగా కట్టిన చిన్న గదులే ఇళ్లు, వాటిని 'లైన్లు' అనేవారు.

1946 జనాభా లెక్కల నాటికి ఈ భారత తమిళులు సుమారు 7,80,000 మంది, ద్వీప జనాభాలో దాదాపు 12 శాతం. వీళ్లలో చాలామంది అక్కడే పుట్టారు. భారతదేశం అంటే వాళ్లకు తాత చెప్పిన ఊరు పేరు మాత్రమే.

1948–49: మీ నాన్న ఎక్కడ పుట్టాడు?

1947 ఎన్నికల్లో తోట కార్మికులు ఓటు వేశారు. సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ కొన్ని స్థానాలు గెలిచింది. మరికొన్ని చోట్ల వాళ్ల ఓట్లు వామపక్షాలకు కలిసివచ్చాయి. కొండ ప్రాంతపు సింహళ రాజకీయ నాయకత్వానికి ఇది మింగుడు పడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలోపే డి.ఎస్. సేనానాయకే ప్రభుత్వం తెచ్చిన 1948 పౌరసత్వ చట్టం, పుట్టిన చోటును బట్టి కాక వంశాన్ని బట్టి పౌరసత్వం ఇచ్చింది. సిలోన్‌లో పుట్టినవాడైనా తన తండ్రి కూడా సిలోన్‌లోనే పుట్టాడని, లేదా తాత, ముత్తాత ఇద్దరూ అక్కడే పుట్టారని చూపించాలి. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, లైన్లలో బతికే కూలీ తండ్రి జనన పత్రం ఎక్కడినుంచి తేగలడు? రెండు, ఈ లెక్కలో తల్లికి చోటే లేదు.

1949లో భారతీయ, పాకిస్థానీ నివాసుల పౌరసత్వ చట్టం వచ్చింది. 1946 జనవరి 1కి ముందు పెళ్లయినవారు 7 ఏళ్లు, కానివారు 10 ఏళ్లు ఎడతెగకుండా ద్వీపంలో ఉన్నట్టు రుజువు చేసుకుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అత్తగారింటికో, పురిటికో, చావుకో భారత్‌కు వచ్చి వెళ్లిన ప్రయాణం 'ఎడతెగడం' కిందికి వస్తుందా అన్న చర్చ మొదలైంది. కుటుంబ బంధం తెంచుకోకపోవడమే దరఖాస్తుదారుకు ఎదురు సాక్ష్యంగా మారే పరిస్థితి ఇది. 8 లక్షలకు పైగా మంది తరఫున దరఖాస్తులు వచ్చాయి. చివరికి పౌరసత్వం దొరికింది సుమారు 1,34,000 మందికే. 1949లోనే చేసిన మరో సవరణతో పౌరులు కానివారి పేర్లు ఓటర్ల జాబితా నుంచి తొలగిపోయాయి.

నెహ్రూ మాట, శాస్త్రి బాట

ఈ భాగం జవాబుల్లో తరచూ తప్పిపోతుంది, జాగ్రత్తగా చదవండి.

నెహ్రూ వైఖరి స్పష్టం. కోరుకున్నవారు రాజ్యాంగంలోని 8వ అధికరణ కింద భారత పౌరులుగా నమోదు కావచ్చు. మిగిలినవారు తరతరాలుగా సిలోన్ మట్టిలో పనిచేసినవారు కనుక వాళ్ల బాధ్యత సిలోన్‌దే. 1954 జనవరిలో నెహ్రూ–కొటెలావాలా ఒప్పందం కుదిరినా ఈ చిక్కుముడి వీడలేదు. ఇద్దరూ 'మా వాళ్లు కారు' అంటుంటే మధ్యలో మిగిలినవాళ్లు ఎవరికీ చెందనివాళ్లయ్యారు.

1964 మేలో నెహ్రూ మరణించారు. శాస్త్రి ఆలోచన వేరు. 1962 చైనా యుద్ధం తర్వాత ఇరుగుపొరుగు దేశాలతో గొడవలు తగ్గించుకోవాలి. ఆ యుద్ధం తర్వాత కొలంబోలో ఆరు అలీన దేశాల సమావేశం జరిపి మధ్యవర్తిత్వానికి ప్రయత్నించింది సిరిమావోనే. పదిహేనేళ్లుగా నలుగుతున్న సమస్యను ఇచ్చిపుచ్చుకుని ముగిద్దామన్నది శాస్త్రి లెక్క. దీన్ని బలహీనత అని కొట్టిపారేయకండి. ఏ దేశమూ లేకుండా పదిహేనేళ్లు గడిపిన మనిషికి ఏదో ఒక పాస్‌పోర్టు దొరకడం చిన్న విషయం కాదు. కానీ బేరం కుదిరింది ఎవరి గురించో వాళ్లను ఎవరూ అడగలేదు. తోట కార్మికుల నాయకుడు సౌమ్యమూర్తి తొండమాన్ బాధ కూడా అదే.

ఒప్పందంలో కుటుంబం ఎక్కడ ఉంది?

ఒప్పందం అమలుకు గడువు 15 ఏళ్లు. సిలోన్ పౌరసత్వం ఇవ్వడం, భారత్‌కు పంపడం రెండూ అవే అంకెల నిష్పత్తిలో జరగాలి. అంటే నలుగురికి అక్కడ పౌరసత్వం ఇస్తే ఏడుగురు ఇక్కడికి రావాలి. ఒప్పందం తర్వాత పుట్టే పిల్లలను 'సహజ పెరుగుదల' పేరుతో ఆయా అంకెలకు కలపాలి. భారత్‌కు రావలసినవారు తమ వంతు వచ్చేదాకా, లేదా 55 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అప్పటివరకు ఉద్యోగంలో ఉండవచ్చు.

కుటుంబం అన్న మాట ఒప్పందంలో స్పష్టంగా వినిపించేది ఆస్తుల దగ్గర. ఒక కుటుంబం వెంట తీసుకెళ్లగల ఆస్తి గరిష్ఠ పరిమితిని 4,000 రూపాయల కన్నా తగ్గించకూడదని రాసుకున్నారు. డబ్బు దగ్గర ప్రమాణం కుటుంబం, పౌరసత్వం దగ్గర ప్రమాణం మనిషి. ఈ ఒక్క పోలిక మీ జవాబులో ఉంటే చాలు, మీరు ఒప్పందాన్ని బట్టీ పట్టలేదని, అర్థం చేసుకున్నారని దిద్దేవారికి తెలుస్తుంది.

ఇల్లు చీలిన తీరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇల్లు నాలుగు దారుల్లో చీలింది.

మొదటిది, దరఖాస్తు. చిన్నపిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్తారు. పెద్దవాళ్లయిన కొడుకులు, కూతుళ్లు ఎవరి దరఖాస్తు వారు పెట్టుకోవాలి. తండ్రి సొంతూరు మీద మమకారంతో భారత్‌కు పెట్టుకుంటే, పుట్టిన తోటను వదలలేక కొడుకు సిలోన్‌కు పెట్టుకోవచ్చు. సిలోన్ పౌరసత్వం కోరినవారి సంఖ్య ఆ దేశం ఒప్పుకున్న 3 లక్షలను ఎంతో మించిపోయింది, భారత్ వైపు దరఖాస్తులు మాత్రం 5,25,000కు చేరలేదు. అంటే ఒప్పందం గీసిన గీతకు, జనం కోరికకు పొంతనే లేదు.

రెండోది, కాలం. పంపడం ఏళ్ల తరబడి సాగింది. 1964లో పదేళ్ల పిల్ల 1974 నాటికి పెళ్లీడుకొచ్చింది. పక్క లైన్‌లో సిలోన్ పౌరసత్వం వచ్చిన అబ్బాయిని చేసుకుంది. ఆమె పేరు తండ్రి భారత పాస్‌పోర్టులో ఉంది. తండ్రి వంతు వచ్చినప్పుడు ఆమె ఎటు వెళ్లాలి? తండ్రి వెంటా, భర్త వెంటా?

మూడోది, వయసు నిబంధన. 55 దాటిన తండ్రికి పని పోతుంది. ఇరవై ఏళ్ల కొడుక్కి పని ఉంటుంది. ముందు వెళ్లక తప్పని పరిస్థితి పెద్దవాళ్లది.

నాలుగోది, గడువు. భారత పౌరులుగా నమోదైనవారు సొంతగడ్డ మీదే విదేశీయులయ్యారు, నివాస అనుమతి మీద ఉండాల్సి వచ్చింది. అనుమతి గడువు దాటితే, నిన్నటిదాకా అదే తోటలో ఆకు కోసిన మనిషి చట్టం దృష్టిలో అక్రమ నివాసి. పంపేయడానికి అర్హుడు.

ఇక్కడ రెండు మాటల తేడా గుర్తుంచుకోండి. రిపాట్రియేషన్ అంటే స్వదేశానికి తిరిగి చేర్చడం. డిపోర్టేషన్ అంటే ఉండే హక్కు లేదని దేశం నుంచి పంపేయడం. ఒప్పందం మొదటి మాటే వాడింది. ఇది ఐచ్ఛికమా, నిర్బంధమా అన్నదానిపై ఢిల్లీ, కొలంబోల మధ్య వాదన నడిచింది. 1967 అమలు చట్టంలో డడ్లీ సేనానాయకే ప్రభుత్వం కాస్త సడలింపు చూపింది, భారత్ పౌరసత్వం ఇస్తే చాలు, ఆ మేరకు సిలోన్ కూడా ఇస్తుందన్నది. 1970లో మళ్లీ అధికారంలోకి వచ్చిన సిరిమావో 1971లో దాన్ని మార్చి, మనిషి ఓడెక్కి వెళ్లిపోతేనే ఆ లెక్కన ఇక్కడ ఇస్తామన్నారు. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. మీ అన్న కుటుంబం వెళ్తే తప్ప మీకు పౌరసత్వం రాదు. ఒకరి ఉనికి ఇంకొకరి నిష్క్రమణ మీద ఆధారపడింది.

1974 జనవరిలో ఇందిరా గాంధీ, సిరిమావో మిగిలిన 1,50,000 మందిని చెరి 75,000 చొప్పున పంచుకున్నారు. ఆ ఏడాదే తోటల్లో ఆకలి చావులు, ఆ దశకంలోనే తోటల జాతీయీకరణ, 1977, 1981, 1983లో తమిళులపై దాడులు. అంతకుముందు వెళ్లనన్నవారిలో చాలామంది వెళ్లడానికి సిద్ధపడింది ఈ భయంతోనే. దాన్ని పూర్తి స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనగలమా?

ఈవలి ఒడ్డు

1964 డిసెంబర్ తుపానుకు ధనుష్కోడి కొట్టుకుపోయింది. ఆ తర్వాత తలైమన్నారు నుంచి ఓడ రామేశ్వరానికి వచ్చేది. అక్కడికి దగ్గరలోని మండపం క్యాంపు మొదటి మజిలీ. కాందీశీకుల చేతిలో కుటుంబ కార్డు ఉండేది. సాయం దాన్ని చూపిస్తేనే అందేది. పంపేటప్పుడు పట్టించుకోని కుటుంబం, దించుకునేటప్పుడు కార్డుగా కనబడింది. కానీ అందులో పేర్లున్నది వచ్చినవారివే.

తమిళనాడు ప్రభుత్వం నీలగిరుల్లో 1968లో మొదలుపెట్టిన తేయాకు తోటలు (తరువాతి టాన్‌టీ), 1969లో ఏర్పడిన రెప్కో బ్యాంకు ఈ పునరావాసంలో భాగమే. రెప్కో శ్రీలంక నుంచి వచ్చినవారితో పాటు బర్మా నుంచి వచ్చినవారి కోసం కూడా పెట్టింది. ఇక్కడే మనకు సంబంధం ఉంది. పునరావాసం తమిళనాడుతో ఆగలేదు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళల్లోనూ జరిగింది. బర్మాలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక 1960లలో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాల గుర్తుగా విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. తరతరాలు అక్కడ బతికి, 'మీ దేశం వెళ్లండి' అనిపించుకుని, వచ్చాక ఇక్కడ 'బర్మా వాళ్లు', 'సిలోన్ వాళ్లు' అనిపించుకోవడం ఇద్దరికీ ఒకటే.

ముగిసిందా?

1984లో అంతర్యుద్ధం వల్ల ఓడ ఆగిపోయింది. అప్పటికి వచ్చినవారు, ఒప్పందం తర్వాత పుట్టిన పిల్లలతో కలిపి, సుమారు నాలుగున్నర లక్షలు. ఆగిన ఓడ కూడా ఇళ్లను చీల్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నా రాలేకపోయినవారు అక్కడే చిక్కుకున్నారు, వాళ్లకన్నా ముందు వచ్చేసిన బంధువులు ఇక్కడ ఉండిపోయారు. శ్రీలంక 1986, 1988 చట్టాలతో కొందరికి పౌరసత్వం ఇచ్చింది. చివరికి 2003 చట్టం ఒక సులువైన ప్రమాణం పెట్టింది. 1964 అక్టోబర్ 30 నుంచి ద్వీపంలో ఉంటున్న భారత సంతతివారు, వారి వారసులు పౌరులే. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తోడ్పాటుతో చేసిన ప్రచారంలో పది రోజుల్లోనే సుమారు 1,90,000 మందికి పౌరసత్వ పత్రాలు అందాయి. 55 ఏళ్లు పట్టిన సమస్యలో పెద్ద భాగం పది రోజుల్లో తీరింది. కారణం, ఆ చట్టం కోటా అడగలేదు. నివాసం అడిగింది, వారసులను కలుపుకుంది.

మన వైపు ఒక ముక్క మిగిలింది. 1983 తర్వాత యుద్ధానికి భయపడి పడవల్లో వచ్చి తమిళనాడు క్యాంపుల్లో చేరినవారిలో ఈ తోట కార్మికుల కుటుంబాలూ ఉన్నాయి. సరైన పత్రాలు లేకుండా వచ్చారు కనుక పౌరసత్వ చట్టం కింద 'అక్రమ వలసదారులు'. 1955 పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ తీసుకుని చూడండి. తల్లిదండ్రులిద్దరూ పౌరులు కాని ఇంట్లో, 1987 జూలై 1కి ముందు భారత్‌లో పుట్టిన బిడ్డ పౌరుడు. ఆ తర్వాత పుట్టిన తమ్ముడు కాదు. ఒకే తల్లి పిల్లలు, ఒకే క్యాంపు, రెండు హోదాలు. 2019 జూన్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఇలాంటివారి భారత మూలాలను గుర్తించి, వారి దరఖాస్తులను కేంద్రం పరిశీలించి నిర్ణయం తీసుకోవాలన్నది. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక లేదు. 2025 వలస, విదేశీయుల చట్టం కింద జారీ అయిన మినహాయింపు ఉత్తర్వు, 2015 జనవరి 9 నాటికి ఇక్కడికి వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పత్రాలు లేవన్న కారణంతో శిక్ష పడకుండా చూసింది. అది ఊరట, పౌరసత్వం కాదు.

జవాబు రాసేటప్పుడు

ఒప్పందాన్ని 'శాస్త్రి దౌత్య విజయం' అని గానీ, 'ద్రోహం' అని గానీ ఒక్క ముక్కలో తేల్చకండి. సమస్యను ముగించాలన్న లక్ష్యం సరైనదే. ఎంచుకున్న కొలమానం తప్పు. అంతర్జాతీయ ప్రమాణాలను ఇక్కడ వాడుకోవచ్చు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 16వ అధికరణ కుటుంబానికి రక్షణ కావాలంటుంది. భారత్ 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 23వ అధికరణ ఆ మాటే చెబుతుంది. 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక 9, 10 అధికరణలు పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీయడం గురించి, తిరిగి కలపడం గురించి మాట్లాడతాయి. 1951 శరణార్థుల ఒప్పందంలో, పౌరసత్వ రాహిత్యంపై 1954, 1961 ఒప్పందాల్లో మనం సభ్యులం కాదన్నది కూడా రాయండి.

సూచనల భాగంలో 'సానుభూతితో వ్యవహరించాలి' అని రాసి వదిలేయకండి. పని జరిగే మాట రాయండి: దరఖాస్తును ఇంటివారీగా స్వీకరించడం, ఇంట్లో ఒకరికి హక్కు ఉన్నప్పుడు మిగిలినవారి నిర్ణయాన్ని దానితో కలిపి తీసుకోవడం, పంపే ఉత్తర్వుకు ముందు ఆ మనిషిపై ఆధారపడినవారు ఎవరో నమోదు చేయడం.

రేపు మీలో కొందరు కలెక్టరేట్‌లోనో, విదేశాంగ కార్యాలయంలోనో ఇలాంటి ఫైలు తెరుస్తారు. అందులో పేరు, పుట్టిన తేదీ, ప్రవేశ తేదీ అని గళ్లు ఉంటాయి. 'ఈ మనిషి వెళ్తే ఇంట్లో ఎవరు మిగులుతారు' అన్న గడి ఉండదు. ఆ ప్రశ్న ఫైలులో లేకపోయినా అడగడం మీ చేతుల్లోనే ఉంటుంది.

సాధన ప్రశ్న: "1964 సిరిమావో–శాస్త్రి ఒప్పందం ఒక ద్వైపాక్షిక సమస్యను తగ్గించింది, కానీ దాని భారాన్ని కుటుంబాలపై మోపింది." 2003 శ్రీలంక చట్టంతో పోల్చి చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)